ముందు ఇరుసు లూజైతే ఏం చేయాలి? – ట్రాక్టర్ రైతుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నలు ఎక్కువగా సరిహద్దు అవతల మహారాష్ట్రలోని మన తెలుగు రైతుల నుంచే వచ్చాయి. అన్నీ పాత బండ్ల గురించే, అందులోనూ ముందు ఇరుసు గురించే. కాబట్టి మొదటి ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే ఇస్తున్నాను, మిగతావాళ్లు కూడా ముందు అది చదవండి.

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. మా నాయన కొన్న పాత హెచ్‌ఎంటీ 3522 ఉన్నది. ఇంజిన్ మంచిగనే ఉంది గానీ ముందు భాగం మొత్తం లూజైంది. రోడ్డెక్కి కొంచెం స్పీడు పోతే స్టీరింగ్ వణుకుతుంది, బ్రేక్ కొడితే ముందు నుంచి టక్కుమని చప్పుడు, గుంతలో చక్రం దిగితే ఇరుసు ముందుకూ వెనక్కూ జరుగుతున్నట్టు సీటు మీద కూర్చున్నా తెలుస్తుంది. ఒక మెకానిక్ పిన్ను మీద వెల్డింగ్ కొట్టి మళ్లీ ఎక్కిద్దాం అంటడు. ఇంకొకాయన యాక్సిలే మార్చాలె, స్క్రాప్‌ల వెతుక్కో అంటడు. చెన్నూరు, మంచిర్యాలలో అడిగితే ఈ మోడల్ సామాను లేదన్నరు. కరిగెట్లు (వరి మళ్లల్ల బురద దున్నకాలు) మొదలుకాకముందే చేయించాలె. ఏం చేయమంటవ్?

జవాబు: తమ్ముడూ, ఇద్దరి మాటా ఇప్పుడే వినకు. యాక్సిల్ మార్చడం ఆఖరున ఆలోచించాల్సిన పని. పిన్ను మీద వెల్డింగ్ మాత్రం అసలు ఆలోచించాల్సిన పనే కాదు, ఎందుకో కింద చెప్తా.

ముందు ఒక సంగతి. ట్రాక్టర్ ముందు ఇరుసు ఊగాల్సిందే. కారు లాగా దీనికి కట్టలూ స్ప్రింగులూ ఉండవు. ఇరుసు మొత్తం మధ్యలో ఒకే ఒక్క సెంటర్ పిన్ను మీద వేలాడుతూ ఉంటుంది. ఎడమ చక్రం గట్టు ఎక్కితే కుడి చక్రం దిగుతుంది, ఇంజిన్ మాత్రం నిటారుగా నిలబడుతుంది. అది ఉన్నందుకే నాలుగు చక్రాలూ నేలకు ఆనుతాయి. కాబట్టి పైకీ కిందికీ ఊగడం రోగం కాదు. ముందుకూ వెనక్కూ జరగడం, పిన్ను దగ్గర ఎగిరి పడటం, అదీ రోగం. ఈ తేడా తెలియక ఇరుసును బిగుసుకుపోయేలా షిమ్ములు (సందు నింపే పలుచటి రేకులు) దట్టించి పెట్టిన బండ్లు కూడా చూశాను, ఆ బండి మళ్లలో తిరిగితే ఫ్రంట్ సపోర్ట్ (ఇరుసును ఇంజిన్‌కు కలిపే పోత ఇనుము దిమ్మ) పగలడానికి ఎక్కువ కాలం పట్టదు.

నువ్వు చెప్పిన గుర్తులను బట్టి చూస్తే లూజు రెండు చోట్లలో ఒకచోట ఉంటుంది. సెంటర్ పిన్ను, దాని బుష్‌ల (పిన్ను చుట్టూ ఉండే గొట్టం తొడుగుల) దగ్గర గానీ, ఫ్రంట్ సపోర్ట్‌ను ఇంజిన్‌కు పట్టి ఉంచే బోల్టుల దగ్గర గానీ. బ్రేకులు వెనక చక్రాలకే కదా ఉండేది. బండి ఆగుతుంటే ముందు ఇరుసు ఇంకా ముందుకే పోవాలని చూస్తుంది, ఆ సందు ఎంత ఉందో అంత దూరం జరిగి కొట్టుకుంటుంది. నీకు వినిపించే టక్కు అదే. స్టీరింగ్ వణుకు మాత్రం దీనివల్లే కావచ్చు, కింగ్ పిన్నులు (ఇరుసు కొసల్లో చక్రాలు పక్కకు తిరిగే పిన్నులు), టై రాడ్ (చక్రాలను స్టీరింగ్‌తో కలిపి తిప్పే రాడ్) బాల్ జాయింట్లు, హబ్ బేరింగుల వల్ల కూడా కావచ్చు. అన్నీ చూడాలి.

చూసే పద్ధతి ఇది. బండిని గట్టి నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేర్‌లో ఉంచి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు. జాకీని ఇరుసు కింద పెట్టకు, ఇరుసు కింద పెడితే సెంటర్ పిన్ను మీద బరువు అలాగే ఉంటుంది, లూజు కనపడదు. ఫ్రంట్ సపోర్ట్ కింద పెట్టి ఎత్తు, చక్రాలు రెండూ గాలిలో వేలాడాలి. ఆయిల్ చాంబర్ కింద మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు. ఎత్తాక మందపాటి కట్టె దుంగలు సపోర్ట్ కింద దూర్చు. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కిందికి పోవద్దు.

ఇప్పుడు ఒకరు గడ్డపార తీసుకుని ఇరుసుకూ సపోర్ట్‌కూ మధ్య పెట్టి ముందుకూ వెనక్కూ తొయ్యాలి, ఇంకొకరు పిన్ను దగ్గర వేలు పెట్టి చూడాలి. టార్చ్ వెయ్యి. పాత గ్రీజు, మట్టి ముందే డీజిల్‌తో కడిగి తుడిచి ఉంటే సందు కళ్లకు కనపడుతుంది. తర్వాత ఇరుసును మధ్యలో పట్టి పైకి ఎత్తి చూడు. ఎత్తినప్పుడు లేస్తూ, వదిలితే టక్కుమని పడితే బుష్ అరిగిందన్నమాటే. ఇరుసు కదలకుండా ఫ్రంట్ సపోర్టే ఇంజిన్ దగ్గర సన్నగా కదులుతుంటే లోపం బోల్టుల్లో ఉంది. ఆ కీలు దగ్గర బోల్టుల చుట్టూ తుప్పు రంగు పొడి రాలి ఉంటుంది, అదీ గుర్తే. బోల్టులే లూజైతే నీ అదృష్టం, పని తొందరగా అయిపోతుంది. కానీ వాటిని అలాగే వదిలేసి తిరిగితే ఇంజిన్ బ్లాకులోని మరలు పోతాయి, అప్పుడు ఖర్చు ఇంజిన్ దాకా వస్తుంది.

అదే ఎత్తు మీద చక్రాలు కూడా చూసేయ్. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. కదిలితే హబ్ బేరింగో, కింగ్ పిన్నో. ఏదన్నది తేల్చుకోవడానికి వెనక నుంచి చూడాలి. హబ్‌కూ దాని వెనక ఉన్న స్టబ్‌కూ (హబ్‌ను మోసే కడ్డీకి) మధ్య సందు కదిలితే బేరింగు, స్టబ్ మొత్తం ఇరుసు కొసన కదిలితే కింగ్ పిన్ను బుష్. పక్కలు రెండూ పట్టి ఊపితే కదిలేది టై రాడ్ వైపు. ఇరుసు వెడల్పు పెంచుకునే రకమైతే, అంటే మధ్య ముక్కకు రెండు పక్కలా జారే ముక్కలు బోల్టులతో బిగించి ఉంటే, ఆ బోల్టులు కూడా చూడు. పత్తి సాళ్లకు ఒకసారి, వరికి ఒకసారి వెడల్పు మార్చి, మళ్లీ బిగించడం సగంలో వదిలేసినవే ఎక్కువ. ఆ రంధ్రాలు కోడిగుడ్డులా సాగిపోయి ఉంటాయి.

ఇక సెంటర్ పిన్ను సంగతే అనుకుందాం, నాకైతే అదే అనిపిస్తోంది. స్టీరింగ్ రాడ్లు విప్పి, ఇరుసు కింద బలమైన పలకలు పెట్టి, పిన్ను లాక్ బోల్ట్ తీసి పిన్ను బయటికి కొట్టాలి. ఇత్తడి ముక్కో, మెత్తటి ఇనుమో మధ్యలో పెట్టి కొట్టు, సుత్తె నేరుగా తగిలితే పిన్ను కొస విచ్చుకుని ఇంకా ఇరుక్కుంటుంది. ముందూ వెనకా ఎన్ని వాషర్లు, షిమ్ములు ఉన్నాయో దేనికవి తీగకు గుచ్చి పెట్టుకో. చక్రాలతో సహా ఇరుసు ముందుకు దొర్లి వచ్చేస్తుంది. రెండో మనిషి లేకుండా ఈ పని మొదలుపెట్టకు, ఇరుసు పక్కకు ఒరిగితే ఒక్కడి వల్ల ఆగదు.

పిన్ను చేతికి వచ్చాక దాన్ని తుడిచి గోరు పెట్టి పొడవునా జరుపు. ఒకవైపే మెట్టులాగా గోటికి తగులుతుంది, ఇంకోవైపు కొత్తదానిలా నున్నగా ఉంటుంది. ఎందుకంటే బండి ముందు భాగం బరువంతా పిన్ను మీద నుంచి కిందికి దిగుతుంది, కాబట్టి పిన్ను అడుగు భాగం, బుష్ అడుగు భాగమే అరుగుతాయి. అందుకే పల్లెల్లో పిన్నును తిప్పి పెట్టి ఒక సీజన్ గడిపేస్తుంటారు. లాక్ గాడి కుదిరితే అది తప్పేం కాదు, అత్యవసరానికి పనికొస్తుంది. కానీ బుష్ అరిగి ఉండగా పిన్ను ఒక్కటే తిప్పినా, ఒక్కటే మార్చినా డబ్బు బురదలో పోసినట్టే.

వెల్డింగ్ ఎందుకు వద్దంటే, పిన్ను పైపొర గట్టిపరిచి ఉంటుంది. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోతుంది, ఒకచోట రాయిలా, ఒకచోట మెత్తగా తయారవుతుంది, పిన్ను వంకర కూడా పోవచ్చు. ఆ గరుకు పిన్ను కొత్త బుష్‌ను ఆకురాయి లాగా అరగదీస్తుంది.

మీ మోడల్ సామాను దొరకడం లేదన్నావు, నిజమే. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల తయారీ 1971లో హర్యానా పింజోర్‌లో మొదలైంది, 2016లో ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. ఇంజిన్ సామాను పెద్ద ఊళ్లలో ఇంకా తిరుగుతోంది, ముందు ఇరుసు సామాను దొరకడమే కష్టం. అయితే నీకు కావాల్సింది ఒక గుండ్రటి కడ్డీ, రెండు గొట్టం ముక్కలు. వాటి కోసం కంపెనీ డబ్బా వెతకక్కర్లేదు, మంచి లేత్ మిషన్ ఉంటే చాలు. ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల, గోదావరిఖని వైపు రావడం నీకు దగ్గరే. బొగ్గు గనుల ఊళ్లు కాబట్టి పెద్ద యంత్రాల పని తెలిసిన లేత్ వాళ్లు ఉంటారు. పాత పిన్ను, పాత బుష్, వీలైతే ఇరుసునే ఆటోలో వేసుకుని పో. నోటితో కొలత చెప్తే కుదరదు.

పిన్నుకు మామూలు ఎంఎస్ (మెత్తటి ఇనుము) రాడ్ వేస్తానంటే ఒప్పుకోకు. ఈఎన్-8 లాంటి మీడియం కార్బన్ స్టీల్ అడుగు, పైన హార్డెనింగ్ చేయించమను. బుష్ గన్‌మెటల్‌ది (కంచు రకం లోహం) చాలు. అరిగితే బుష్ అరగాలి, పిన్ను నిలవాలి. బుష్ మార్చడం తక్కువ ఖర్చు.

పాత బుష్‌ను కొట్టి కొట్టి తీయొద్దు, లోపలి నుంచి హాక్సా బ్లేడుతో ఒకచోట పొడవునా కోస్తే ముడుచుకుని వచ్చేస్తుంది. ఇరుసు రంధ్రం గోడకు బ్లేడ్ తగలకుండా చూసుకో. కొత్త బుష్‌ను ప్రెస్‌తోనో, పొడవాటి బోల్టూ రెండు మందపాటి వాషర్లూ పెట్టి నట్టు బిగిస్తూ లాగడంతోనో ఎక్కించాలి. ఎక్కించేముందు బుష్‌లోని గ్రీజు రంధ్రం, ఇరుసు మీది నిపుల్ (గ్రీజు గన్ తగిలించే మొన) రంధ్రం ఒకదానికి ఒకటి ఎదురుగా ఉన్నాయా అని సన్న తీగ దూర్చి చూడు. ఈ ఒక్కటి చూడక ఎన్ని బుష్‌లు ఎండిపోయి చచ్చాయో లెక్కలేదు. రంధ్రం మూసుకుపోయింది కాబట్టి గన్ ఎంత కొట్టినా గ్రీజు పోదు, నిపుల్ దగ్గరే కక్కేస్తుంది, ఓనరేమో గ్రీజు నిండిందని సంబరపడతాడు. ఎక్కించాక బుష్ లోపలి వ్యాసం కొంచెం తగ్గుతుంది, రీమర్ (రంధ్రాన్ని సన్నగా గీకి సరిచేసే పనిముట్టు) వేయించి పిన్నుకు సరిపెట్టాలి. పిన్ను చేత్తో తోస్తే లోపలికి పోవాలి, ఊపితే కదలకూడదు.

ఆఖరుగా అసలు భయపడాల్సింది ఫ్రంట్ సపోర్ట్ రంధ్రాల గురించి. పిన్ను సపోర్ట్‌లో తిరగకూడదు, లాక్ బోల్ట్ దాన్ని పట్టి ఉంచాలి. తిరగాల్సింది ఇరుసులోని బుష్ మాత్రమే. లాక్ బోల్ట్ ఎప్పుడో తెగిపోయి పిన్ను సపోర్ట్‌లోనే తిరుగుతూ ఉండి ఉంటే, ఆ పోత ఇనుము రంధ్రం సాగిపోతుంది. అప్పుడు రెండు రంధ్రాలనూ ఒకే వరసలో బోరింగ్ చేయించి స్లీవ్ (గొట్టం తొడుగు) దించాలి. దాన్ని మామూలు రాడ్‌తో వెల్డింగ్ చేయనివ్వకు. పోత ఇనుమును వేడి చేయకుండా మామూలు రాడ్ కొడితే చల్లారేటప్పుడే పక్కన చీలుతుంది. చీలిక ముందే ఉంటే సపోర్ట్ మార్చడమే దారి, దానికైతే స్క్రాప్ తిరగొచ్చు.

బిగించేటప్పుడు లాక్ బోల్ట్‌ను కొత్తది వెయ్యి. షిమ్ములు పెట్టి ముందూ వెనకా ఆడకుండా, పైకీ కిందికీ మాత్రం హాయిగా ఊగేలా చూడు. సపోర్ట్ బోల్టులకు కొత్త స్ప్రింగ్ వాషర్లు వెయ్యి, ఒకరోజు పని చేశాక మళ్లీ పానా పట్టి అన్నీ బిగించు.

గ్రీజు గురించి ఒక కిటుకు. చక్రాలు నేల మీద ఉండగా గ్రీజు కొడితే అది పైభాగంలో ఉన్న సందులోకే పోతుంది, అరిగే అడుగు భాగానికి అందదు. అప్పుడప్పుడు సపోర్ట్ కింద జాకీ వేసి ఇరుసును వేలాడదీసి కొట్టు, కొత్త గ్రీజు రెండు కొసల నుంచీ బయటికి వచ్చేదాకా కొట్టు. కేజీ వీల్స్‌తో కరిగెట కొట్టే రోజుల్లో ప్రతి సాయంత్రం కొట్టాలి, నీళ్లూ బురదా ఆ సందులోంచి బయటికి నెట్టేది గ్రీజే. మిగతా రోజుల్లో వారానికోసారి. నిపుల్ గ్రీజు ఎక్కించుకోకపోతే విప్పి డీజిల్‌లో నానబెట్టు, అప్పటికీ రాకపోతే కొత్తది వెయ్యి, అది టీ ఖర్చుతో వస్తుంది.

ప్రశ్న: సార్, చంద్రపూర్ జిల్లా రాజురా నుంచి రాస్తున్నా. నెల కింద రెండు పక్కలా కింగ్ పిన్నులు, బుష్‌లు కొత్తవి వేయించాను. అప్పటి నుంచి స్టీరింగ్ తిప్పాలంటే చేతులు పడిపోతున్నాయి, తిప్పి వదిలితే తిరిగి సూటిగా రావడం లేదు. కొత్తవి కదా అరుగుతాయి, అరిగితే ఫ్రీ అవుతుంది అని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజం కాదండీ. అలా "అరిగితే" అది బుష్ పాడవడమే, ఫ్రీ అవడం కాదు. ముందు చక్రాలు గాలిలోకి ఎత్తి, టై రాడ్లూ, స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే రాడ్డూ చక్రాల దగ్గర విప్పి, ఒక్కొక్క చక్రాన్నీ విడిగా తిప్పి చూడండి. ఏ పక్క గట్టిగా ఉందో అక్కడే తేలిపోతుంది. రెండూ తేలిగ్గా తిరిగితే లోపం స్టీరింగ్ బాక్సులో. ఒక పక్క గట్టిగా ఉంటే బుష్‌కు రీమర్ వేయకుండానే పిన్నును సుత్తెతో దించి ఉంటారు, నా అనుమానం అదే. ఇంకో కారణం, కింది థ్రస్ట్ బేరింగును తలకిందులుగా పెట్టడం, లేదా దాని మీద వాషర్లు ఎక్కువ వేయడం. విప్పించి సరిచేయించండి, మెకానిక్ మళ్లీ కూలి అడిగితే ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా కిన్వట్ దగ్గర. ముందు టైర్లు రెండూ బయటి అంచున అరుగుతున్నాయి, లోపలి అంచు కొత్తదానిలా ఉంది. టైర్లే నాసిరకమా, ఇరుసు వంగిందా?

జవాబు: రెండు టైర్లూ ఒకేలా బయటి అంచున అరిగితే ఎక్కువగా అది టో-ఇన్ ఎక్కువవడం, అంటే చక్రాలు ముందువైపు ఒకదానికొకటి మరీ దగ్గరకు చూస్తున్నాయి. లోపలి అంచు అరిగితే దానికి తిరగేసి. ఇంట్లోనే కొలవొచ్చు. స్టీరింగ్ సూటిగా పెట్టి, రెండు రిమ్ముల వెనక భాగంలో హబ్ ఎత్తులో సుద్దతో గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య దూరం టేపుతో కొలవండి. తర్వాత బండిని చేత్తో తోసి, అవే గుర్తులు ముందుకు వచ్చేలా చేసి మళ్లీ కొలవండి. రిమ్ము వంకరున్నా ఈ పద్ధతిలో తేడా రాదు. ముందువైపు కొలత వెనకవైపు దాని కన్నా కొంచెమే తక్కువ ఉండాలి, చాలా మోడళ్లకు 3 నుంచి 6 మిల్లీమీటర్లు, మీ బండి పుస్తకంలో ఏముంటే అదే ఖాయం. రాడ్లు రెండు పక్కలా విడిగా ఉండే రకమైతే రెండింటినీ సమానంగా తిప్పండి, లేకపోతే స్టీరింగ్ ఒక పక్కకు ఎక్కువ, ఒక పక్కకు తక్కువ తిరుగుతుంది. ఒక మాట, బాల్ జాయింట్లూ సెంటర్ పిన్నూ లూజు ఉండగా ఈ కొలత తీయడం దండగ, ముందు లూజు తీసేసి అప్పుడు కొలవండి. ఒక్క టైరే అరుగుతుంటే మాత్రం స్టబ్ వంగిందేమో చూపించండి.

ప్రశ్న: గ్రీజు బదులు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. కారిపోతుంది, అందులోని మసీ ఇనుప రజనూ మాత్రం లోపల మిగిలిపోతాయి.

ప్రశ్న: అన్నా, మాది ధర్మాబాద్ తాలూకా. చెరకు సీజన్‌లో ఫ్యాక్టరీకి ట్రాలీ లాగుతాం. లోడుతో చిన్న ఎత్తు ఎక్కినా ముందు చక్రాలు లేచి పడుతున్నాయి. ఇరుసు కూడా లూజైంది. ముందు బంపర్ మీద ఇసుక బస్తాలు కట్టమంటున్నారు, కట్టనా?

జవాబు: బస్తాలు కట్టకు, అవి జారి చక్రం కిందికి వస్తాయి. కంపెనీ బిగించే వెయిట్లు పెట్టుకో, అదీ పుస్తకంలో చెప్పినంతే. కానీ అసలు తప్పు ట్రాలీని ఎక్కడ తగిలించావన్న దాంట్లో ఉంది అనుకుంటున్నా. వెనక ఇరుసు కన్నా ఎత్తులో ఉన్న చోట తగిలిస్తే బరువు లాగేకొద్దీ ముందు భాగం గాలిలోకి లేస్తుంది. ముందు చక్రాలు లేచి పడిన ప్రతిసారీ సెంటర్ పిన్ను మీద సమ్మెట దెబ్బ పడుతుంది, నీ లూజు అక్కడి నుంచే మొదలై ఉంటుంది. హుక్కు కింది డ్రాబార్‌కే (బండి వెనక కింద ఉండే లాగుడు పట్టీకే) తగిలించు, పైన లింకేజీకి కాదు. ట్రాలీలో చెరకు బరువు మరీ ముందుకు, నీ హుక్కు మీదికి పడేలా పేర్చకు. రెండు ట్రాలీలు కలిపి లాగే అలవాటుంటే మానుకో, ముందు చక్రాలు గాలిలో ఉన్నంతసేపూ స్టీరింగ్ నీ చేతిలో ఉండదు. ముందు ఇవి సరిచేసుకుని ఆ తర్వాత పైన సిరొంచ తమ్ముడికి చెప్పినట్టు పిన్నూ బుష్‌లూ మార్పించు, లేకపోతే కొత్త బుష్ కూడా ఈ సీజన్‌లోనే పోతుంది.